డర్ట్ వేరు, సాయిల్ వేరు: మన పొలంలో ఉన్నది ఏది?



ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్ లాంటివి సిటీకి నేరుగా పంపించే రైతులకు ఈ మెసేజ్ ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటుంది: "కూరగాయలు బాగున్నాయి, కానీ డర్ట్ ఎక్కువ ఉంది." మాకైతే వారానికి రెండు మూడు వస్తాయి. కస్టమర్‌ని తప్పు పట్టడానికి ఏం లేదు. వాళ్ల కిచెన్ సింక్‌లో పడితే అది డర్టే. కానీ అదే మట్టిని పొద్దున మడిలో ఉన్నప్పుడు మనం సాయిల్ అన్నాం. పన్నెండు గంటల్లో దాని పేరు మారిపోయింది. చోటు మారింది కాబట్టి పేరు మారింది.

ఇంగ్లీష్‌లో ఈ రెండు మాటలకీ తేడా ఏంటి అని చాలామంది సరదాగా అడుగుతారు. నాకు మాత్రం ఇది సరదా విషయంలా అనిపించదు. ఈ తేడా తెలియక మనం ఏటా పొలం పై పొరను పోగొట్టుకుంటున్నాం, కొన్నిచోట్ల మన చేతులతో మనమే అమ్ముకుంటున్నాం. అందుకే దీని మీద కాస్త వివరంగా రాస్తున్నాను. పైన వీడియోలో గ్లాసు పరీక్ష చూపించాం, దాని గురించి కూడా కింద చెప్తాను.

మాటల పుట్టుక

డర్ట్ అనే మాట పాత నార్స్ భాష నుంచి ఇంగ్లీష్‌లోకి వచ్చింది. అది స్కాండినేవియా వాళ్ల పాత భాష. అందులో "డ్రిట్" అంటే మలం. ఇంగ్లీష్‌లోకి వచ్చాక అక్షరాలు అటు ఇటు అయ్యి డర్ట్ అయింది. అంటే పుట్టుకతోనే ఆ మాటకి పెంట అని అర్థం. ఇక్కడ మన రైతులకు నవ్వొస్తుంది. ఎందుకంటే తెలుగులో కూడా పెంట అనే మాటకు రెండు ముఖాలు ఉన్నాయి. ఇంట్లో "అంతా పెంట చేశావు" అంటే తిట్టు. ఊళ్లో "నిన్న పది బండ్ల పెంట తోలినం" అంటే ఆ రైతు పొలం బాగు చేసుకుంటున్నాడని అర్థం. ఒకే వస్తువు ఇంట్లో రోత, పొలంలో ఎరువు.

సాయిల్ అనే మాటది ఇంకో కథ. నేల అనే అర్థంలో ఉన్న సాయిల్, లాటిన్‌లో "సోలియం" అనే మాట నుంచి వచ్చింది. సోలియం అంటే కూర్చునే పీఠం. దానికి "సోలమ్" అనే ఇంకో లాటిన్ మాట, అంటే అడుగున ఉండే నేల, కలిసిపోయిందని చెప్తారు. బట్టలు మురికి చేయడం అనే అర్థంలో వాడే సాయిల్ పూర్తిగా వేరే మాట, దాని మూలం లాటిన్‌లో పందికి సంబంధించిన మాట. స్పెల్లింగ్ ఒకటే కాబట్టి రెండూ ఒకటే అనుకుంటాం. హోటళ్లలో, ఆసుపత్రుల్లో "సాయిల్డ్ లినెన్" అని రాసేది ఈ రెండోదే. అగ్రికల్చర్ డిప్లొమా చదివినవాళ్లకి మూడోది కూడా గుర్తుండాలి. పచ్చిమేత కోసుకొచ్చి కొట్టంలోనే పశువులకి వేయడాన్ని "సాయిలింగ్" అంటారు. పరీక్షలో వచ్చే ప్రశ్నే అది!

ఇంకో మాట కూడా చెప్పాలి. అమెరికాలో పల్లె జనం డర్ట్ అనే మాటని నేలకి మామూలుగానే వాడతారు, అందులో చులకన ఏం ఉండదు. డేవిడ్ మాంట్‌గోమరీ అనే భూగర్భ శాస్త్రవేత్త నేల కోత గురించి 2007లో రాసిన ప్రసిద్ధ పుస్తకానికి "డర్ట్" అనే పేరు పెట్టాడు. కాబట్టి ఎవరైనా డర్ట్ అంటే వాళ్లకి నేల మీద గౌరవం లేదని అనుకోవద్దు. మాట పట్టుకుని పోట్లాడటం నా ఉద్దేశం కాదు. ఆ మాట వెనక ఉన్న తేడా మాత్రం పట్టుకోవాలి.

ఆ తేడాని బాగా చెప్పింది మేరీ డగ్లస్ అనే బ్రిటిష్ మానవ శాస్త్రవేత్త. 1966లో వచ్చిన "ప్యూరిటీ అండ్ డేంజర్" అనే పుస్తకంలో ఆమె ఒక పాత ఆలోచనను తీసుకుని విస్తరించింది. మురికి అంటే ఉండాల్సిన చోట లేని వస్తువు అనేదే ఆ ఆలోచన. ఆమె రాసింది మతాల గురించి, శుభ్రత ఆచారాల గురించి. కానీ రైతుకి ఇంతకన్నా పనికొచ్చే నిర్వచనం దొరకదు.

తెలుగులో మట్టి, నేల

మన భాషలో కూడా ఈ తేడా ఉంది, మనం గమనించం అంతే. ట్రాలీలో ఏం నింపుతాం? మట్టి. జేసీబీతో ఏం తవ్వుతాం? మట్టి. చేతులకి అంటేది, గోడ కట్టేది, బుట్టలో ఎత్తేది, అన్నీ మట్టే. అదే పదును దేనికి వస్తుంది? నేలకి. సత్తువ దేనికి ఉంటుంది? నేలకి. చల్కా నేల, రేగడి నేల, చవుడు నేల అంటాం. "నేల పదునులో ఉంది, విత్తనం వేయాలి" అంటాం గానీ, ట్రాలీలో ఉన్న మట్టికి పదును వచ్చిందని ఎవరూ అనరు.

ఈ గీత అన్నిచోట్లా ఖచ్చితంగా ఉండదు. నల్లమట్టి, ఎర్రమట్టి అని పొలాన్ని కూడా అంటాం. అయినా మొత్తం మీద చూస్తే, ఎత్తి పట్టుకెళ్లగలిగేది మట్టి, ఎత్తడానికి వీల్లేనిది నేల. ఇంగ్లీష్ డర్ట్‌కి, సాయిల్‌కి ఉన్న తేడా దాదాపు ఇదే.

ఎత్తడానికి ఎందుకు వీల్లేదు?

డిప్లొమాలో మాకు చెప్పిన మొదటి లెక్క ఇది. మంచి నేలలో పరిమాణం ప్రకారం సుమారు 45 శాతం ఖనిజ పదార్థం, అంటే ఇసుక, ఒండ్రు, బంకమన్ను. 5 శాతం సేంద్రియ పదార్థం. మిగతా సగంలో 25 శాతం గాలి, 25 శాతం నీళ్లు. అంటే నేలలో సగం ఖాళీయే! ఆ ఖాళీలోనే వేర్లు ఊపిరి తీసుకుంటాయి, వానపాములు తిరుగుతాయి, వాన నీళ్లు దిగుతాయి. ఇవి పుస్తకంలో చెప్పే ఆదర్శ అంకెలు. మన ఎండ ప్రాంతాల్లో చాలా పొలాల్లో సేంద్రియ పదార్థం ఆ 5 శాతానికి దరిదాపుల్లో కూడా ఉండదు.

ఆ ఖాళీలు నిలబడటానికి కారణం, మట్టి రేణువులు చిన్న చిన్న గుళికలుగా అతుక్కుని ఉండటం. ఆ అతుకు పని చేసేది బూజు దారాలు, వేర్లు, సూక్ష్మజీవులు వదిలే జిగురు. పైన ఆకు చెత్త, దాని కింద నల్లటి పొర, ఆ కింద గట్టి పొర, ఇంకా కింద మొరం. ఇలా వరస ఉంటుంది. రష్యా శాస్త్రవేత్త దొకుచయేవ్ 1883లో ఈ విషయాన్నే గట్టిగా చెప్పాడు. నేల అంటే ఉట్టి రాతి పొడి కాదు, వాతావరణం, అడుగున ఉన్న రాయి, జీవులు, భూమి వాలు, కాలం కలిసి తయారు చేసే ఒక ప్రత్యేకమైన వస్తువు అన్నాడు. ఇప్పటి నేల శాస్త్రానికి పునాది అదే.

జేసీబీ బకెట్ ఒక్కసారి దిగితే ఈ వరస పోతుంది. గుళికలు నలుగుతాయి, ఖాళీలు మూసుకుపోతాయి, బూజు దారాలు తెగుతాయి. ట్రాలీలో పడే బరువు అంతే ఉంటుంది. ల్యాబ్‌లో పెడితే నత్రజని, భాస్వరం, పొటాష్ కూడా దాదాపు అంతే చూపిస్తాయి. కానీ అది ఇక నేలలా పని చేయదు. సాయిల్ ఎక్కింది, డర్ట్ దిగింది అనుకోండి.

నీళ్లు ఎత్తుకెళ్లే ట్రాలీలు

జేసీబీ ఒక్కటే దొంగ కాదు. మనం చూస్తుండగానే వాన కూడా ఇదే పని చేస్తుంది. 1983లో ధ్రువ నారాయణ, రామ్ బాబు అనే శాస్త్రవేత్తలు మన దేశంలో నేల కోత మీద ఒక అంచనా వేశారు. ఏడాదికి హెక్టారుకి సగటున 16.35 టన్నుల మట్టి కొట్టుకుపోతోంది అని వాళ్ల లెక్క. ఎకరానికి మార్చుకుంటే ఆరున్నర టన్నుల పైమాటే. ట్రాలీకి మూడు టన్నులు అనుకుంటే, ఎకరానికి ఏటా రెండు ట్రాలీలు. డీజిల్ ఖర్చు లేదు, అడిగేవాడు లేడు.

ఆ అంచనాలో నాకు ఎక్కువ ఆశ్చర్యం అనిపించిన సంగతి ఇంకోటి ఉంది. కొట్టుకుపోయిన మట్టిలో సుమారు 29 శాతం సముద్రంలో కలుస్తుంది, 10 శాతం రిజర్వాయర్లలో పూడిక అవుతుంది. మిగతా 61 శాతం ఒక చోటు నుంచి ఇంకో చోటికి చేరి ఆగిపోతుంది. అంటే సగానికి పైగా మట్టి ఎక్కడికో మాయమైపోలేదు, ఉండాల్సిన చోట లేదు. మేరీ డగ్లస్ మాట మళ్లీ గుర్తు చేసుకోండి.

అమెరికా వాళ్లకి ఈ పాఠం 1930లలో చాలా ఖరీదుగా వచ్చింది. మైదానాల్లో గడ్డి తీసేసి దున్నిన నేల, కరువు వచ్చేసరికి దుమ్ము తుఫానుగా లేచి, వందల మైళ్లు దాటి తూర్పు తీరం నగరాల మీద పడింది. పొలంలో ఉన్నప్పుడు సాయిల్, నగరం కిటికీ మీద డర్ట్. 1935లో వాళ్ల ప్రభుత్వం దీనికోసం చట్టం చేసి, ప్రత్యేక శాఖ పెట్టింది. దాని పేరు సాయిల్ కన్సర్వేషన్ సర్వీస్. కాపాడాల్సి వచ్చినప్పుడు సాయిల్ అనే మాటే వాడారు చూడండి.

మన దగ్గర వేసవి దుక్కి చేసి, పొలాన్ని బోడిగా వదిలేసి తొలకరి కోసం చూస్తాం. మొదటి పెద్ద వానకి ఎర్రటి నీళ్లు కాలువలో పారుతుంటే "వాన బాగా పడింది" అని సంతోషపడతాం. ఆ ఎరుపు మన పొలం పై పొరే. నవధాన్యాలు ముందే చల్లి, 365 రోజులూ నేల మీద ఏదో ఒక పచ్చదనం ఉండాలని ప్రకృతి వ్యవసాయంలో పదే పదే చెప్పేది ఇందుకే. పోషకాల లాభం తర్వాత సంగతి. ముందు నేల ఉన్నచోట ఉండాలి.

డర్ట్‌ని సాయిల్ చేయొచ్చా?

చేయొచ్చు. మనకి కళ్ల ముందే ఉదాహరణ ఉంది. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల్లో పూడిక తీశారు, చాలామంది రైతులు ఆ మట్టిని పొలాలకి తోలుకున్నారు. చెరువులో ఉన్నంతకాలం అది నీళ్ల చోటుని తినేసే చెత్త. అదే చల్కా పొలంలో పలచగా పరిచి, పంట వేసి, వేర్లు దిగాక అది నేలలో భాగం అయిపోయింది. ఇసుక ఎక్కువున్న ఎర్ర నేలల్లో తేమ ఎక్కువ రోజులు నిలబడటం చాలామంది చూశారు. పైగా ఆ పూడికలో సగం మన పొలాల నుంచి పోయిందే కదా, అప్పు తిరిగొచ్చినట్టు.

రెండో ఉదాహరణ మన డ్రమ్ములోనే ఉంది. జీవామృతానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, చివర్లో గుప్పెడు మట్టి. ఆ గుప్పెడు దగ్గర చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. డ్రమ్ము పక్కన కాళ్ల కింద ఉన్న దుమ్ము తీసి వేసేస్తారు. అది డర్ట్. మనకి కావాల్సింది మందులు పడని గట్టు మీద, లేదా పెద్ద చెట్టు కింద, ఆకులు పక్కకి జరిపితే తడిగా, మంచి వాసన వచ్చే మట్టి. మిగతావన్నీ ఆ గుప్పెడులోని జీవులకి మేత. జీవులు లేని దుమ్ము వేసి మేత పెడితే ఏం లాభం?

గ్లాసు పరీక్ష

వీడియోలో చూపించింది ఇదే. మీ పొలం మధ్యలో నుంచి ఒక పెళ్ల, ఎప్పుడూ దున్నని గట్టు మీద నుంచి ఇంకో పెళ్ల తీసుకోండి. రెండూ చిన్న నిమ్మకాయంత ఉండాలి, రెండూ ఒకే రకం నేలవి అయి ఉండాలి. నీడలో మూడు రోజులు బాగా ఆరనివ్వండి. రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, టీ వడపోసే జాలీలో పెళ్లని పెట్టి నీళ్లలో మునిగేలా ఉంచండి. ఐదు నిమిషాలు ఆగండి.

గట్టు పెళ్ల చాలావరకు అలాగే నిలబడుతుంది, నీళ్లు తేటగా ఉంటాయి. మాటిమాటికీ దున్నిన పొలం పెళ్ల చప్పున కరిగి అడుగున బురదలా పడుతుంది. తొలకరి వానకి మీ పొలం ఏం చేస్తుందో గ్లాసు అదే చూపిస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఉట్టి ఇసుక నేలలో పెళ్లే కట్టదు కాబట్టి అక్కడ ఈ పరీక్ష పనికిరాదు. నీళ్లు పాలలాగా తెల్లగా మారి గంటలు గడిచినా తేరుకోకపోతే, అది చవుడు లక్షణం కావచ్చు, సోడియం ఎక్కువ ఉన్నట్టు. దానికి జీవామృతం ఒక్కటే సరిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. ముందు ల్యాబ్‌లో పీహెచ్, ఈసీ చూపించండి.

ల్యాబ్ అన్నాను కాబట్టి చెప్తున్నా. 2015 నుంచి ఇస్తున్న సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఉంటాయి. అవి అవసరమే, చేయించుకోండి. కానీ ల్యాబ్‌కి వెళ్లే శాంపిల్‌ని ఆరబెట్టి, నలగ్గొట్టి, జల్లెడ పట్టి పరీక్షిస్తారు. గుళికలు అక్కడే పోతాయి. అందుకే పోషకాలకి ల్యాబ్, నిర్మాణానికి గ్లాసు. రెండూ చూస్తేనే పూర్తి బొమ్మ.

అమ్మేది మట్టి, పోయేది నేల

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. వేసవి వస్తే మా చుట్టుపక్కల ఊళ్లలో ఇటుక బట్టీలకి, ప్లాట్ల వెంచర్లకి మట్టి బేరాలు మొదలవుతాయి. ట్రిప్పుకి ఇంత అని రేటు. బేరం ఎప్పుడూ మట్టి అనే మాటతోనే జరుగుతుంది. "అన్నా, ఒక అడుగు మట్టి తీసుకుంటం" అంటారు. అడుగు మట్టి అంటే ఎంత? లెక్క వేద్దాం. ఒక ఎకరంలో పై 15 సెంటీమీటర్ల పొర బరువు సుమారు 900 టన్నులు. సేంద్రియ కర్బనం అర శాతం మాత్రమే ఉందనుకున్నా, ఆ పొరలో నాలుగున్నర టన్నుల కర్బనం ఉన్నట్టు. మనం వేసే పేడ, ఆకు, పంట చెత్తలో ఎక్కువ భాగం కుళ్లి గాలిలో కలిసిపోతుంది, కొంచెమే నేలలో మిగులుతుంది. అలా కొంచెం కొంచెంగా చేరిన ఆ నాలుగున్నర టన్నులూ ఒక్క వారంలో ట్రిప్పులుగా వెళ్లిపోతాయి. అడుగు తీస్తే దాని కింద ఉన్న మరో 15 సెంటీమీటర్లు కూడా పోయినట్టే.

మేం కౌలుకి చేసిన రెండెకరాల్లో మూడేళ్లు వరసగా నవధాన్యాలు, ఘనజీవామృతం, మల్చింగ్ చేశాం. మూడో ఏడు వానపాము విసర్జనలు పొలం నిండా కనపడ్డాయి. నాలుగో ఏడు ఓనర్ కౌలు ఆపేసి, పై మట్టిని ఒక వెంచర్‌కి అమ్మేశారు. ఆయన భూమి, ఆయన హక్కు. పాస్‌బుక్‌లో ఇప్పటికీ రెండెకరాలు రెండెకరాలే, గుంట కూడా తగ్గలేదు. మా కాగితాలన్నీ భూమిని వైశాల్యంతో కొలుస్తాయి. పైన ఉన్న నేల సంగతి ఏ కాలమ్‌లోనూ లేదు.

మట్టి అమ్మే రైతుని నేను తప్పు పట్టను. అప్పు ఉంటుంది, పెళ్లి ఉంటుంది. కొన్నిచోట్ల పొలం ఎత్తుగా ఉండి కాలువ నీళ్లు ఎక్కవు, చదును చేయాల్సిందే. అలాంటప్పుడు ఒక పని చేయొచ్చు. ముందు పై 15-20 సెంటీమీటర్లు తీసి పొలం అంచున కుప్ప పోయించండి. కింద మట్టి తీసి, చదును చేశాక, ఆ పై మట్టిని మళ్లీ పరిపించండి. కుప్ప ఎక్కువ ఎత్తు ఉండకూడదు, ఎక్కువ రోజులు ఉండకూడదు. జేసీబీ గంటలు కొన్ని ఎక్కువ అవుతాయి, ఆ ఖర్చు కొనేవాళ్ల మీద వేయండి. ఇది బేరం మొదట్లోనే మాట్లాడుకోవాలి, బండి వచ్చాక కుదరదు.

కౌలు రైతులు మాట తీసుకునేటప్పుడే ఒక షరతు పెట్టండి: కౌలు ఉన్నంతకాలం పై మట్టి తీయకూడదు, తీస్తే ముందే చెప్పాలి, నేల పెంచినందుకు ఎంతో కొంత ఇవ్వాలి. ఓనర్లు అందరూ ఒప్పుకోరు, నాకు తెలుసు. అడగడం మొదలైతేనే కదా నేలకి విలువ ఉందని వాళ్లకి తెలిసేది.

ఇల్లు కట్టుకునే రైతులు ఫ్లైయాష్ ఇటుకలు దొరికితే అవి చూడండి. 1999లో కేంద్ర ప్రభుత్వం థర్మల్ ప్లాంట్ల చుట్టుపక్కల ఇటుకల్లో బూడిద కలపాలని నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో చెప్పిన కారణాల్లో పొలాల పై మట్టిని కాపాడటం కూడా ఒకటి. పొలంలో మల్చింగ్ వేసి, ఇంటికి పక్క రైతు పై పొరతో కాల్చిన ఇటుక కొంటే ఆ లెక్క సరిపోదు కదా.

ఇంగ్లీష్‌లో ఏ మాట వాడతారో మీ ఇష్టం. తొలకరి కన్నా ముందు మాత్రం పొలంలోకి వెళ్లి రెండు పెళ్లలు తెచ్చి గ్లాసు పరీక్ష చేయండి. పొలం పెళ్ల కరిగిపోతే ఈ ఏడు ఒక దుక్కి తగ్గించండి, నవధాన్యాలు చల్లండి, పంట చెత్త కాల్చకండి. వచ్చే ఏడాది ఇదే సమయానికి మళ్లీ చేసి చూడండి.

పై మట్టి పక్కకి తీసి చదును చేసే పద్ధతిని తర్వాతి వీడియోలో పొలంలోనే చూపిస్తాం. ఉంటానండి.